తడి చెత్త ఇల్లు దాటకపోతే

వంటింటి చెత్త బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీళ్ళే. సొరకాయ తొక్కలు, తోటకూర కాడలు, అరటితొక్కలు, ఏది తూచినా 75 శాతానికి పైనే తేమ ఉంటుంది. మన నగరాల చెత్త కష్టాల్లో పెద్ద భాగం ఈ నీళ్ళ కష్టమే. ఆ తేమ పక్కనున్న అట్టపెట్టెకు అంటుకుంటే అట్టపెట్టె విలువ పోతుంది. పాల ప్యాకెట్‌ను కడిగి ఆరబెడితే పాత సామాన్ల కొట్టులో కిలో లెక్కన కొంటారు. అదే ప్యాకెట్ నిన్నటి పప్పుచారులో నానితే ఎవరూ ముట్టుకోరు. ఒక్క పూట కలిపిన చెత్తను మళ్ళీ విడదీయాలంటే ఒక మనిషి అందులో చెయ్యి పెట్టాలి. ఆ పని చేసేవాళ్ళ చేతులకు గాజు పెంకులు, వాడిన సూదులు గుచ్చుకుంటున్నాయి.

తడి చెత్త అసలు చెత్తే కాని రోజులు మరీ దూరంలో లేవు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయ తొక్కలు, గంజి అన్నీ కుడితి తొట్టిలోకి, అక్కడినుంచి గేదె కడుపులోకి పోయేవి. ఇల్లు ఊడ్చిన కసవు, పొయ్యిలో బూడిద, పశువులు వదిలేసిన గడ్డి, పేడ పెంటకుప్ప మీదికి చేరి, తొలకరికి ముందు బండ్లమీద పొలానికి వెళ్ళేవి. అదేమీ ఆదర్శ పద్ధతి కాదు. ఎండకు, వానకు తెరిచి ఉంచిన పెంటలో నత్రజని చాలావరకు ఆవిరై పోయేది, ఈగలు ముసిరేవి. అయినా అది నడిచిందంటే మొదటి కారణం: అందులో కుళ్ళనిది దాదాపు ఏమీ లేదు. పైగా, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు కావలసిన రెండూ, పేడలో నత్రజని, గడ్డిలో కర్బనం, చాలినంత ఉండేవి. అపార్ట్‌మెంటులో గేదె లేదు, గడ్డి లేదు. ఉన్నది నత్రజనీ నీళ్ళూ నిండిన తొక్కలు మాత్రమే. వాటిని నల్ల కవరులో మూటగట్టి ముడి వేస్తే లోపల గాలి ఆడదు. అందుకే పొద్దున వేసిన చెత్త సాయంత్రానికి కంపు కొడుతుంది.

కలిసిన చెత్త ఎక్కడికి పోతుందో చూద్దాం. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్‌లో సుమారు 1.2 కోట్ల టన్నుల పాత చెత్త గుట్టగా పేరుకుపోయింది. దాన్ని పొరలతో కప్పేశారు. కప్పడానికి ముందే అందులోంచి కారిన నల్లటి ఊట దిగువనున్న మల్కారం చెరువును పాడు చేసింది. ఊట అంటే వేరే ఏదో రసాయనం కాదు, తొక్కల్లోని నీరే. అది గుట్ట అడుగుకు దిగుతూ దారిలో బ్యాటరీలు, రంగు డబ్బాలు, బల్బుల నుంచి లోహాలను కరిగించుకుని పోతుంది. తడి చెత్త లేని గుట్టలో ఊటకు వాన నీరు తప్ప వేరే ఆధారం ఉండదు. గాలి ఆడని అడుగు పొరల్లో కుళ్ళే పదార్థం నుంచి మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే ఇది బొగ్గుపులుసు వాయువు కంటే 27 నుంచి 30 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఎండాకాలంలో డంపింగ్ యార్డులు రోజుల తరబడి రగులుతూ ఉండటానికీ ఈ మీథేనే ఇంధనం.

తగలబెట్టి కరెంటు తీయవచ్చు కదా అనే మాట తరచూ వినిపిస్తుంది. జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలై తర్వాత 24 మెగావాట్లకు పెరిగింది. గుంటూరు దగ్గరా, విశాఖలోని కాపులుప్పాడలోనూ 15 మెగావాట్ల ప్లాంట్లు వచ్చాయి. కానీ లెక్క చూడండి. కిలో తడి చెత్తలో ముప్పావు కిలో నీరు. దాన్ని ఆవిరి చేయడానికే సుమారు 450 కిలో కేలరీలు కావాలి. మిగిలిన పావు కిలో ఎండు పదార్థం మండితే వచ్చేది 1000 కిలో కేలరీలకు అటూ ఇటూ. నికరంగా మిగిలేది సగం. కిలోకు 1500 కిలో కేలరీలు, అంతకుమించి ఉన్న చెత్తనే ఇంధనంగా వాడదగినదిగా 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు గుర్తించాయి. అంటే కరెంటు ప్లాంటుకు కావలసింది కూడా పొడి చెత్తే. తొక్కలు అక్కడ ఇంధనం కావు, ఇంధనాన్ని ఆర్పే నీళ్ళు.

కలిసిన చెత్తనే ఎరువు చేయడం మరో దారి. అదీ సాగలేదు. నగర కంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పెట్టిన హద్దుల్లో సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. సేంద్రియ కర్బనం కనీసం 12 శాతం ఉండాలి. కలిసిన చెత్త నుంచి జల్లెడ పట్టిన ఎరువులో గాజు పొడి, ప్లాస్టిక్ పేలికలు తప్పకుండా వస్తాయి. కాళ్ళకు చెప్పుల్లేకుండా పొలంలో దిగే రైతు అటువంటి ఎరువును రెండోసారి తీసుకోడు.

కలపకుండా ఉంచితే ఏమవుతుందో సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూపించింది. అక్కడి బయోగ్యాస్ ప్లాంటు రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంట గ్యాసు తీసేలా కట్టినది. సాంకేతికత హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)ది. ఇందులో గమనించాల్సింది యంత్రాన్ని కాదు, యంత్రంలోకి వెళ్ళే సరుకును. మార్కెట్లో చెత్త అంతా ఒకే జాతిది: కుళ్ళిన టమాటా, క్యాబేజీ ఆకులు, కొత్తిమీర కాడలు. విడదీయాల్సిన శ్రమ చాలా తక్కువ. అదే ప్లాంటుకు కాలనీ చెత్త తెచ్చిపోస్తే పాలిథిన్ సంచులు పంపులో చిక్కుకుని వారం తిరక్కుండా ఆగిపోతుంది.

2015లో హైదరాబాద్‌లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. 2021 అక్టోబరు 2న మొదలైన కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో మూడు రంగుల బుట్టలు ఇచ్చారు. బుట్టలు చాలా ఇళ్ళలో బియ్యం పోసుకోవడానికో, నీళ్ళు పట్టుకోవడానికో స్థిరపడ్డాయి. జనానికి బుద్ధి లేదని తేల్చేయడం తేలిక. కానీ ఇంట్లో వేరు చేసిన రెండు బుట్టలను కళ్ళెదుటే ఒకే ఆటోలో కుమ్మరించడం చూసిన మనిషి మూడో రోజు వేరు చేయడు. ఆ లోపం సరిదిద్దడం పురపాలక సంఘాల పని, ఎప్పటికి అవుతుందో చెప్పలేం. తడి చెత్త ఇంట్లోనే ఆగిపోతే మాత్రం ఆటోలో ఏం కలిపినా పెద్ద నష్టం లేదు. కలపడానికి తడి ఉండదు.

ఇంట్లో ఎరువు: కొలతలు

నలుగురున్న ఇంట్లో రోజుకు సుమారు కిలో తడి చెత్త వస్తుంది. మామిడికాయల కాలంలో ఇంకొంచెం ఎక్కువ. దీనికి ఎక్కువమంది కొనే 20 లీటర్ల పెయింటు బకెట్ చాలదు. కిలో చెత్త, దానికి కలిపే ఎండుటాకు కలిపి రోజుకు నాలుగైదు లీటర్లు నింపుతాయి. అణిగిపోవడం లెక్కలోకి తీసుకున్నా బకెట్ పది పన్నెండు రోజుల్లో నిండుతుంది. ఎరువు కావడానికి మాత్రం కనీసం రెండు నెలలు పడుతుంది. అందుకే 60 నుంచి 80 లీటర్ల డ్రమ్ములు మూడు కావాలి. ఒకటి నిండేసరికి నెల దాటుతుంది. అది మాగుతుండగా మిగతా రెండూ ఒకదాని తర్వాత ఒకటి నింపవచ్చు. డ్రమ్ము చుట్టూ జానెడు దూరానికొకటి చొప్పున చిటికెన వేలు పట్టేంత రంధ్రాలు, అడుగున ఎనిమిది పది రంధ్రాలు వేసి, ఇటుకల మీద నిలబెట్టి, కింద ఒక పళ్ళెం పెట్టాలి. రంధ్రాలకు లోపలివైపు దోమతెర అంటిస్తే ఈగలు గుడ్లు పెట్టవు. మట్టి కుండల దొంతరలు ఇంతకంటే బాగా పనిచేస్తాయి, ఎందుకంటే మట్టి తేమను పీల్చి బయటికి వదులుతుంది. కాకపోతే ఖరీదు, బరువు రెండూ ఎక్కువ.

అడుగున నాలుగంగుళాల మందాన ఎండుటాకులు, కొబ్బరిపీచు. ఆపైన ఆ రోజు చెత్త. దానిమీద, చెత్త ఎంతుందో నలిపిన ఎండుటాకు అంత కొలత. ఆకులు నలపకుండా వేస్తే రెండింతలు వేయాలి. తూకంలో చెప్పాలంటే కిలో చెత్తకు 300 నుంచి 400 గ్రాముల ఎండుటాకు. ఈ అంకె ఊహ కాదు. తొక్కల్లో కర్బనం నత్రజనికి సుమారు 20 రెట్లు. ఎండుటాకుల్లో 50, 60 రెట్లు. ఆ పాళ్ళలో కలిపితే మొత్తం మీద 30కి వస్తుంది, సూక్ష్మజీవులకు అదే సరిపోయే నిష్పత్తి. తేమ కూడా 80 శాతం నుంచి 60 దగ్గరికి దిగుతుంది. పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే ఆకు తక్కువైనట్టు, తడే అంటకపోతే నీళ్ళు చిలకరించాలి.

మొదటిసారి ఒక గుప్పెడు పాత ఎరువో, పలచగా కలిపిన పేడో, రెండు గ్లాసుల పులిసిన మజ్జిగో చల్లితే చాలు. సీసాల్లో అమ్మే కల్చర్లు, అంటే సూక్ష్మజీవుల ద్రావణాలు, చెడ్డవేమీ కావు, కానీ అవి లేకపోతే ఎరువు కాదనుకోవడం అమ్మేవాళ్ళ మాట. సూక్ష్మజీవులు తొక్కలమీదే వస్తాయి, వాటికి కావలసింది గాలి. వారానికి రెండుసార్లు ఒక కర్రతో అడుగుదాకా కలపాలి. ఈ ఒక్క పనిని మానేసినవాళ్ళే ఎక్కువగా విఫలమవుతారు.

ఎండుటాకు దొరకని చోట కొబ్బరిపొట్టు వాడతారు. 5 కిలోల దిమ్మ నానబెడితే దాదాపు 70 లీటర్లకు ఉబ్బుతుంది. తప్పు జరిగేది ఇక్కడే: నానబెట్టిన పొట్టును అలాగే డ్రమ్ములో వేస్తారు. నీళ్ళకు నీళ్ళు కలిపినట్టవుతుంది. ఉబ్బిన పొట్టును డాబా మీద రెండు రోజులు ఆరబెట్టి, పొడిగా ఉన్నప్పుడే వాడాలి. వడ్ల ఊక వాడవచ్చు గాని అందులో సిలికా ఎక్కువ, ఏడాదైనా ఊక ఊకలాగే కనిపిస్తుంది. రంపపు పొట్టు వేస్తే పిసరంత చాలు. దాంట్లో కర్బనం నత్రజనికి 300 రెట్లకు పైనే, ఎక్కువైతే కుప్ప నిద్రపోతుంది. ప్లైవుడ్ కోసిన పొట్టును మాత్రం దగ్గరికి రానీయకండి, అందులో జిగురు ఉంటుంది.

ఏవి వేయాలో కంటే ఏవి వేయకూడదో తెలియడం ముఖ్యం. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, ఎముకలు రెండు నెలల్లో కరగవు. టెంకలను పెరట్లో మట్టిలో పాతేయాలి, లేదా ఎండబెట్టి పొయ్యి ఉన్నవాళ్ళకు ఇవ్వాలి. చింతపండు పిప్పి, మునక్కాడ పిప్పి, నిమ్మ డిప్పలు మామూలు మోతాదులో వేస్తే ఏ ఇబ్బందీ లేదు. గుడ్డు పెంకులు పొడి చేసి వేయాలి, అలాగే వేస్తే ఏళ్ళు ఉంటాయి. పాడైన ఆవకాయ వేయకూడదు: ఉప్పు, నూనె రెండూ సూక్ష్మజీవులకు గిట్టవు, ఎరువులో ఉప్పు చేరితే కుండీలో మొక్క ఆకుల అంచులు మాడతాయి. అన్నం, కూర మిగిలితే ఒకేచోట ముద్దగా పోయకుండా చెదరగొట్టి వేయాలి. కాగితం కప్పులకు లోపల సన్నని పాలిథిన్ పొర ఉంటుంది, అవి పొడి చెత్తలోకే. మోదుగాకు విస్తర్లు, అరటాకులు వేయవచ్చు. వెండి రంగు మెరిసే ప్లేట్లు వేయకూడదు. "కంపోస్టబుల్" అని రాసిన సంచులు కూడా ఇంటి డ్రమ్ములో కరగవు. ఆ ప్రమాణం కింద పరీక్ష జరిపేది 58 డిగ్రీల దగ్గర, ఇంటి డ్రమ్ము అంత వేడికి చేరదు.

ఆ వేడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కుప్ప కనీసం ఘనపు మీటరు ఉంటే లోపలి వేడి 55 నుంచి 65 డిగ్రీలకు ఎక్కి, వ్యాధికారకాలూ కలుపు విత్తనాలూ చస్తాయి. 60 లీటర్ల డ్రమ్ములో వేడి 40, 45 దగ్గర ఆగిపోతుంది, పుట్టిన వేడి పక్కలనుంచి పోతుంది. అందుకే ఇంటి ఎరువు వేసిన కుండీలో గులాబీ పక్కన టమాటా, గుమ్మడి మొలకలు లేస్తాయి. అది లోపం కాదు. కానీ ఇదే కారణంగా కుక్క పెంట, పసిపిల్లల డైపర్లు ఇంటి డ్రమ్ములో ఎప్పుడూ వేయకూడదు.

వాసన ఏదో చెబుతుంది

చెడిపోయిన డ్రమ్మును వాసనే పట్టిస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి లేదు: అంతా బయట తీసి, ఎండుటాకు కలిపి తిరిగి నింపాలి. ముక్కు పుటాలు మండించే అమ్మోనియా ఘాటు వస్తే నత్రజని ఎక్కువై ఎగిరిపోతోంది, మళ్ళీ ఆకు తక్కువే. పుల్లటి వాసన అన్నం, పళ్ళు ఎక్కువైన గుర్తు. తొలకరి జల్లుకు లేచే మట్టి వాసన వస్తే పని సరిగ్గా నడుస్తున్నట్టు, తెల్లటి బూజు దారాలు కనబడినా కంగారు పడనక్కరలేదు. చీమలు పట్టాయంటే కుప్ప ఎండిపోయింది, ఒక చెంబు నీళ్ళు చాలు. సన్న ఈగలు లేస్తే పైపొర పలచబడింది, రెండంగుళాల మందాన పొడి ఆకు కప్పాలి.

ఇక పురుగులు. చాలామంది ఇక్కడే డ్రమ్మును వదిలేస్తారు. బూడిదరంగులో, చదునుగా, వేలి కణుపంత ఉండే పురుగులు నల్ల సైనిక ఈగ పిల్లలు. ఇవి చెత్తను అందరికంటే వేగంగా తింటాయి, మనిషికి ఏ రోగమూ మోయవు, ఇవి ఎదిగి ఈగలయ్యాక కూడా ఆహారం మీద వాలవు. చూడటానికి అసహ్యంగా ఉంటాయి, నిజమే. వద్దనుకుంటే ఆకు పెంచి తేమ తగ్గించండి, అవే పోతాయి. వాటిమీద పురుగుల మందు చల్లితే ఆ ఎరువు దేనికీ పనికిరాదు.

నిండిన డ్రమ్మును పక్కన పెట్టి, పదిరోజులకోసారి కలుపుతూ రెండు నెలలు ఆగాలి. అయిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుప్పెడు తడిపి, ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూడు రోజులు కట్టి ఉంచి విప్పి చూడాలి. కంపు వస్తే ఇంకా మాగాలి. మాగని ఎరువు మొక్కకు వేస్తే, అది కుళ్ళడానికి కావలసిన నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటుంది, ఆకులు పసుపు తిరుగుతాయి. జనం మాత్రం ఎరువు చాలలేదనుకుని ఇంకా వేస్తారు. నెలకు 30 కిలోల చెత్త నుంచి చివరికి వచ్చేది ఆరేడు కిలోలు. మూడు వంతుల మట్టికి ఒక వంతు ఎరువు కలిపితే సరిపోతుంది.

అపార్ట్‌మెంటుకు వేరే లెక్క. 50 ఇళ్ళున్న చోట రోజుకు 40 కిలోలు వస్తాయి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న గదులు ఆరు కడితే చాలు. ఒక్కోటి వారం పది రోజుల్లో నిండుతుంది, ఆరోది నిండేసరికి మొదటిది ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉంటుంది. ఇటుకల మధ్య సందులు వదలాలి, పైన రేకు కప్పు ఉండాలి. ఇంతమాత్రం కట్టకుండా 24 గంటల్లో ఎరువు చేసే యంత్రం కొనే సంఘాలు ఉన్నాయి. ఆ యంత్రాల్లో చాలా వాటిలో జరిగేది ఎండబెట్టడం మాత్రమే. బయటికి వచ్చిన గోధుమరంగు పొడిని తడిపి చూడండి, రెండో రోజుకు మళ్ళీ కుళ్ళు వాసన వేస్తుంది. కరెంటు ఖర్చుపెట్టి తేమ తీసేసి, ఆపైన నెల రోజులు మాగబెట్టక తప్పదు. ఇంకో మాట: గదుల్లో చెత్త తిరగేసే మనిషికి చేతి తొడుగులు, బూట్లు, విడిగా జీతం ఇవ్వాలి. వాచ్‌మన్ భార్య ఊడ్చే పనితో పాటు ఉచితంగా చేస్తుందనుకున్న చోట మూడో నెలకు గదులు చెత్తకుండీలవుతాయి.

ఇంట్లోనైనా అపార్ట్‌మెంటులోనైనా ఈ పని అన్నిటికంటే ముందు ఆగిపోయేది ఎండుటాకు సరఫరా దగ్గర. చెత్త ఏడాదంతా వస్తుంది. ఆకు మాఘ ఫాల్గుణాల్లోనే రాలుతుంది. బాదం, రావి, కానుగ, వేప చెట్ల కింద గుట్టలు పడే ఆ రెండు నెలల్లోనే వీధి చివర వాటికి నిప్పు పెడుతుంటారు. ఆ పొగ పీల్చే కాలనీలోనే ఆషాఢంలో డ్రమ్ముల నుంచి కంపు వస్తుంది, కలపడానికి ఆకు లేక. రోజుకు 300 గ్రాముల చొప్పున ఒక ఇంటికి ఏడాదికి దాదాపు 110 కిలోల ఆకు కావాలి. అణిచి కుక్కితే గోనె సంచికి నాలుగైదు కిలోలు పడుతుంది, అంటే ఇరవై నాలుగు ఇరవై ఐదు సంచులు. అంత చోటు లేకపోతే ఆకును తొక్కి పొడి చేసి నింపాలి, సగం సంచుల్లో సరిపోతుంది. నీలగిరి ఆకు ఏరిపారేయాలి, దాని నూనె కుళ్ళును ఆలస్యం చేస్తుంది. మామిడాకు మందం కాబట్టి నలపకుండా వేయకూడదు. సంచులను నేలమీద కాకుండా బల్లమీదో ఇటుకలమీదో, వాన జల్లు తగలని చోట పెట్టాలి. తడిసిన ఆకు సంచిలోనే మాగి నల్లబడితే ఎరువుగా పనికొస్తుంది గాని, తేమ పీల్చడానికి పనికిరాదు.